మహామృగమునకు మనిషియే కొలత

మహామృగ చిత్రములను గూర్చి లోకములో ఒక అభిప్రాయము పాతుకొనిపోయినది. ఆకాశమునంటు మృగమొకటి సముద్రమునుండి లేచి నగరముపై బడునట్టి చిత్రమునకు పోవువాడు మృగమును చూచుటకే పోవునుగాని మనుష్యులను చూచుటకు పోడట. మేడలు కూలవలెను, వంతెనలు విరుగవలెను, రెండు మృగములు కలియబడవలెను. ఇందుకై పైకమిచ్చి కూర్చున్నవానికి నడుమ నడుమ తల్లీబిడ్డల గోడు, అధికారుల తర్జనభర్జన, శాస్త్రజ్ఞుల సందేహములు ఎందుకని ప్రశ్న. ఈ మాట అనువారు ఆ చిత్రముల నభిమానించువారే. వారికి ఎదుటి గట్టున మరికొందరు నిలిచియున్నారు. వీరు సాహిత్యప్రియులు, గంభీరులు. తొడుగు వేసికొన్న మనిషి ఒకడు అట్టలతో, సుద్దతో కట్టిన నగరమును త్రొక్కునట్టి చిత్రములో వాస్తవికతను వెదకుట, వారి దృష్టిలో, ఇసుకను పిండి తైలము తీయ బూనుట వంటిది.

ఈ ఇరువర్గములకును ఒకరిపై ఒకరికి గౌరవము లేదు. అయినను ఇరువురును తెలియకయే ఒక్కచోట కలియుచున్నారు. అద్భుతమున్నచోట వాస్తవమునకు పనిలేదని మొదటివారు సంతోషముతో చెప్పుచున్నారు, రెండవవారు తిరస్కారముతో చెప్పుచున్నారు. మాట ఒక్కటే. ఆ మాట తప్పు. అద్భుతమునకు తనదైన కొలత లేదు. యాబది మీటర్ల మృగము ఎడారిలో ఒంటరిగా నిలిచినచో అది యాబది మీటర్లదో, అయిదు మీటర్లదో కన్ను చెప్పలేదు. దాని ప్రక్కన ఒక ఇల్లుండవలెను. ఆ ఇంటిలో దీపము వెలుగుచుండవలెను. ఆ దీపము క్రింద ఎవరో భోజనమునకు కూర్చుండవలెను. అప్పుడే మృగము మృగమగును. మనుష్యులు ఇట్టి చిత్రములలో ఆలస్యమునకు హేతువులు కారు. మృగమును కొలుచు కొలబద్ద వారే.

మొదట కంటి సంగతి చూడవలెను. 1954 నవంబరు 3వ తేదీన జపానులో తోహో సంస్థ విడుదల చేసిన 'గోజిరా' ఆ దేశపు మహామృగ చిత్రములన్నింటికిని మూలము. దర్శకుడు ఇషిరో హోండా. మాయాదృశ్యములను కూర్చినవాడు ఐజి త్సుబురాయా. కథలో మృగపు ఎత్తు 50 మీటర్లు. చిత్రీకరణశాలలో అది బరువైన తొడుగులో ఉక్కిరిబిక్కిరియైన ఒక నటుడు. రెండు మీటర్ల తొడుగు 50 మీటర్ల మృగముగా కనబడవలెనన్నచో నగరము 25వ వంతునకు తగ్గవలెను. టోక్యో వీధులను ఆ కొలతకే కట్టిరి. అంతటితో పని తీరదు. 25వ వంతు ఎత్తుగల మేడ కూలినచో, నిజమైన మేడ కూలుటకు పట్టు కాలములో 5వ వంతులోనే కూలిపోవును. అది మేడవలె కాక బొమ్మవలె కనబడును. అందుచేత కెమెరాను అధికవేగమున నడిపి, తెరపై ఆ పతనమును నెమ్మదింపజేయుదురు. అప్పుడే ఇటుకకు బరువు వచ్చును. గర్జన కొరకు సంగీతదర్శకుడు అకిరా ఇఫుకుబె ఏ జంతువు కూతనో తెచ్చుకొనలేదు. డబుల్ బాస్ అను పెద్ద తంత్రీవాద్యపు తీగలపై జిగురుపూసిన తోలు చేతితొడుగును రాచి, ఆ ధ్వనిని మార్చి వాడుకొనెను.

ఇంత శ్రమ ఎందుకు? అసాధ్యమైనదానిని చూపబోవువాడు సాధ్యమైన ప్రతి వివరమునకును ఋణపడియుండును గనుక. ఈ సంగతి అభిమానులకును తెలియును. తొడుగు అతుకు కనబడినచో నవ్వువారు వారే. నీటిబొట్టు మృగపు పరిమాణమునకు మించి పెద్దదిగా కనబడినచో తప్పుపట్టువారు వారే. అనగా కన్ను కోరు వాస్తవికతను వారు పట్టుబట్టి అడుగుచున్నారు. హృదయము కోరు వాస్తవికతను మాత్రము దండుగ యనుచున్నారు. రాతి బరువు నిజముగా ఉండవలెనట, ఆ రాతి క్రిందబడిన మనిషి ఎవరైనను ఫరవాలేదట! ఈ తర్కము ఒంటికాలిపై నిలిచిన తర్కము.

'గోజిరా' నిలిచిన నేల ఏదో చూచినచో ఈ సంగతి ఇంకను స్పష్టమగును. 1954 మార్చి 1వ తేదీన పసిఫిక్ సముద్రములోని బికినీ దీవిలో అమెరికా పదిహేను మెగాటన్నుల హైడ్రోజన్ బాంబును పరీక్షించెను. 'దైగో ఫుకుర్యు మారు' అను జపాను చేపల పడవ ఆ సమయమున ఆ సముద్రములో వేటలో ఉన్నది. తెల్లని బూడిద దానిపై వానవలె కురిసెను. పడవలోని 23 మందియు అణుధార్మిక వ్యాధిపాలైరి. వారు రెండు వారముల పిదప యైజు రేవునకు చేరిరి. వారు తెచ్చిన చేప బజారునకు పోయినది. ఆ పిమ్మట దేశమంతటను ట్యూనా చేపయనిన జనము జంకిరి, చేపను గోతులలో పూడ్చిరి. పడవలో రేడియో పని చూచిన అయికిచి కుబొయామా సెప్టెంబరు 23వ తేదీన చనిపోయెను. అటుపై ఆరు వారములైనను నిండకముందే చిత్రము తెరపైకి వచ్చెను.

ఆ చిత్రము ఎట్లు మొదలగును? మృగముతో కాదు. ఒక ఓడపై నావికులు పనిలేని వేళ వాద్యములు వాయించుకొనుచుందురు. సముద్రములో ఒక వెలుగు మెరయును. ఓడ కాలి మునిగిపోవును. తరువాతి దృశ్యము ఓడల సంస్థవారి కార్యాలయము. అక్కడ నావికుల బంధువులు గుంపుగూడి, తమవారి పేరు ఎవరైనను చెప్పుదురేమోయని గుమాస్తాలను నిలదీయుచుందురు. ఇంతవరకును మృగపు తోకయైనను కనబడలేదు. కాని 1954లో ఆ చిత్రశాలలో కూర్చున్న జపాను ప్రేక్షకునకు ఆ కార్యాలయము తెలియును. ఆ బంధువుల ముఖములును తెలియును. భయము అప్పటికే వచ్చి అతని ప్రక్కన కూర్చున్నది. మృగము తరువాత వచ్చి ఆ భయమునకు ఒక ఆకారమును మాత్రము ఇచ్చినది.

పిదప ఓడో అను ద్వీపపు జనులు రాజధానికి వచ్చి తమ నష్టమును విన్నవింతురు. ఇళ్ళు ఎన్ని పోయినవి, ఆవులు ఎన్ని, పందులు ఎన్ని అని లెక్క చెప్పుదురు. చిత్రమంతటిలో ఇంతకంటె నమ్మదగిన మాట లేదు. పురాణమృగము ఊరిపై బడిన మరునాడును పల్లెవాడు పశువులను లెక్కపెట్టుకొనును. ఎందుకనగా అతనికి రేపు కూడ బ్రతుకవలసియున్నది. పార్లమెంటు సంఘములో ఒక సభ్యుడు ఈ విషయమును బయటపెట్టినచో విదేశములతో చిక్కులు వచ్చుననును. స్త్రీ సభ్యులు లేచి సత్యమును దాచరాదని కేకలువేయుదురు. పట్టణపు రైలులో ఒక యువతి తోటి ప్రయాణికులతో మాటాడుచు, నాగసాకిలో తప్పించుకొన్న ప్రాణమునకు మరల ఆపద వచ్చెనే యని విసుగుకొనును. ఆమె ఏడువదు. సామానుల ధర పెరిగినదని విసుగుకొనునట్లు విసుగుకొనును. ఆ విసుగు ఏ గర్జనకంటెను భయంకరము.

గింజా వీధిలో మంటల నడుమ ఒక తల్లి బిడ్డలను పొదువుకొని, త్వరలోనే నాన్నగారి యొద్దకు పోవుదుమని వారికి ధైర్యము చెప్పుచున్న దృశ్యము ఆ చిత్రమునకు గుండెకాయ. అది ఎన్ని క్షణములో లెక్కించి చూచినవాడు ఆశ్చర్యపడును, అంత చిన్నది. తండ్రి ఎవరో, ఎక్కడ చనిపోయెనో చిత్రము చెప్పదు. యుద్ధము ముగిసి తొమ్మిదేండ్లయిన దేశములో అది చెప్పనక్కరలేదు. మహామృగ చిత్రములలో మనుష్యుల కథ చిత్రమును సాగదీయునను వారు ఈ దృశ్యమునకు ఎదురుగా ఏమి చూపగలరు? దీనిని తీసివేసి ఆ స్థానమున మరి రెండు మేడలు కూల్చినచో ప్రేక్షకుని ఆనందము పెరుగునా? మేడలు పదియైనను, నూరైనను కంటికి ఒక్కటే లెక్క. ఆ తల్లి మాట మాత్రము లెక్కకు అందదు.

ఈ ప్రశ్నకు చరిత్రయే ఒక పరీక్ష జరిపి చూపినది. 1956లో ఆ చిత్రమును అమెరికాలో తిరుగగూర్చి, రేమండ్ బర్ అను నటుని ఒక విలేఖరిగా క్రొత్తగా చేర్చి, 'గాడ్జిల్లా, మృగములకు రాజు' అను అర్థమువచ్చు పేరుతో ప్రదర్శించిరి. 96 నిమిషముల చిత్రము సుమారు 80 నిమిషములకు తగ్గినది. మృగమును తగ్గించలేదు, తగ్గించినది మనుష్యులను. నాగసాకి మాట పోయినది. చిత్రాంతమున, ఇట్లు పరీక్షలు సాగినచో ఇట్టి మృగము మరియొకటి రావచ్చునని వృద్ధశాస్త్రజ్ఞుడు యమనె చెప్పు హెచ్చరిక పోయినది. దాని స్థానమున లోకము మరల సుఖముగా బ్రతుకగలదను భరోసా వచ్చినది. విలేఖరి కిటికీనుండి చూచుచు జరుగుచున్నదానిని వర్ణించుచుండును. కాలుచున్న నగరము ఆ నగరవాసుల నగరము కాక, చూడవచ్చినవాని దృశ్యమైనది. ఆ కూర్పు లాభము గడించినది, మృగమును లోకప్రసిద్ధము చేసినది, కాదనవలసిన పనిలేదు. కాని మూలచిత్రము అమెరికా చిత్రశాలలలో విరివిగా ప్రదర్శితమైన 2004వ సంవత్సరము వరకు, యాబదియేండ్లపాటు అక్కడివారు ఆ కథను పిల్లల వినోదమనియే తలచుచుండిరి. మనిషిని తొలగించినచో మృగము ఎంత చిన్నదగునో చూపుటకు ఇంతకుమించిన నిదర్శనమేమి కావలెను?

ఇది జపానువారికి మాత్రమే తెలిసిన రహస్యము కాదు. భారతీయ ఆలంకారికులు భయానకరసమును చర్చించునప్పుడు ఇదే సంగతిని వేయేండ్లక్రిందట పట్టుకొనిరి. అభినవగుప్తుడు రసానుభవమును వివరించుచు ఉదాహరణగా గ్రహించినది రాక్షసుని కాదు, ప్రళయమును కాదు. శాకుంతల ప్రథమాంకములో దుష్యంతుని బాణమునకు భయపడి పరుగెత్తు లేడిని గ్రహించెను. ఆ భయము లేడిది కాదు, చూచువానిది కాదు, ఒక కాలమునకు ఒక దేశమునకు కట్టుబడినది కాదు. ఎల్లరకు సాధారణమైన భయమని అతని సిద్ధాంతము. దీనిని పైపైన చదివినవారు, విశేషములను తుడిచివేసినచో రసము పుట్టునని భ్రమపడుదురు. కాని కాళిదాసు ఏమి చేసెను? ఆ లేడి అలసి తెరచిన నోటినుండి సగము నమిలిన గడ్డి దారిపొడుగున రాలుటను చూపెను. భయము సర్వసాధారణమైనది ఆ గడ్డిపోచ మూలముననే. సాధారణీకరణమనగా విశేషమును చెరిపివేయుట కాదు. విశేషమనెడి వాకిటిగుండ సామాన్యమును చేరుట. ఓడో ద్వీపవాసి లెక్కించిన పందులును, గింజా తల్లి మాటయు ఆ సగము నమిలిన గడ్డియే.

వాల్మీకి కుంభకర్ణుని చిత్రించిన తీరు ఇందుకు మరియొక సాక్ష్యము. పర్వతమంత శరీరము, వానిని మేలుకొలుపుటకు భేరులు, ఏనుగులు, గుట్టలుగా మాంసము; ఇదంతయు ఏ మహామృగ చిత్రమునకును తీసిపోని వైభవము. కాని ఆ వైభవముతోనే కవి ఆగినచో కుంభకర్ణుడు ఒక సంత బొమ్మగా మిగిలెడివాడు. లేచినవాడు అన్నను చూచి, చేసినది అధర్మమని ముఖముమీద చెప్పును. చెప్పియు ఆ అన్నకొరకే యుద్ధమునకు పోవును. తప్పని తెలిసియు ఇంటివానిని విడువలేని తమ్ముడు ప్రతి యూరిలోను కలడు. కనుకనే వాని చేతులు తెగి నేలబడునప్పుడు వినువారికి హర్షముతోపాటు ఏదో బరువు కూడ కలుగును. వానరులకు వాడు కొండ. శ్రోతకు వాడు ఒక మనిషి.

హాస్యమునకును ఇదే న్యాయము. 1957లో తెలుగు, తమిళ భాషలలో వచ్చిన కె.వి.రెడ్డిగారి 'మాయాబజార్'లో ఎస్.వి.రంగారావుగారి ఘటోత్కచుడు శరీరమును పెంచుకొని పెండ్లివంటలను ఒంటరిగా ఆరగించునప్పుడు పెద్దలు, పిల్లలు ఒక్కటిగా నవ్విరి. అందలి ఛాయాగ్రహణ చమత్కారము గొప్పది. కాని ఆ గంగాళములలోనిది ప్రతి ప్రేక్షకుడును ఎరిగిన పెండ్లియింటి వంట. ఆ వియ్యాలవారి బింకము ప్రతియింటను చూచిన బింకము. ఎరుగని లోకములో ఎరుగని పిండివంటలను మ్రింగు రాక్షసుడు ఎంత పెరిగినను నవ్వు రాదు.

ఇప్పుడు ప్రతిపక్షమువారి బలమైన వాదమును న్యాయముగా వినవలెను. వారు చెప్పునది ఇది: మహామృగ చిత్రములలో మనుష్యుల కథలు తరచుగా చప్పగా ఉండును, విడిపోయిన భార్యాభర్తలు, అలిగిన కొడుకు, దారితప్పిన కుక్కపిల్ల అచ్చుగ్రుద్దినట్లు వచ్చుచుందురు, మృగము తెరపైకి రాబోవువేళ కెమెరా వీరివైపు తిరుగును, విసుగు పుట్టును. ఈ ఫిర్యాదు నిజము. ఇట్టి చిత్రములు ఎన్నియో కలవు. కాని ఇందుండి వారు తీయు సారాంశము తప్పు. అన్నములో రాయి తగిలినచో రాతిని ఏరివేయవలెను. అన్నము మానుకొనుట పరిష్కారము కాదు. ఆ కథలు విసుగు పుట్టించుట వానిలో మనుష్యులున్నందువలన కాదు, మనుష్యులు లేనందువలన. అందున్నవి మనుష్యుల వేషము వేసికొన్న సూత్రములు. వారికి వృత్తి లేదు, అప్పు లేదు, ఆకలి లేదు; తల పైకెత్తి చూచి పరుగెత్తుటయే వారి పని.

నిజమైన మనిషి ఎట్లుండునో చూపుటకు 2006లో కొరియాలో బాంగ్ జూన్ హో తీసిన 'ది హోస్ట్' చాలును. సియోలు నగరములోని హాన్ నదీతీరమున ఒక చిరుతిండి దుకాణము. దానిలో పనిచేయు గాంగ్ దూ బద్ధకస్తుడు. కొన్నవారికి కాల్చి ఇవ్వవలసిన స్క్విడ్ కాలునొకదానిని తానే కాజేసి తినును. నదినుండి మృగము పట్టపగలు లేచివచ్చినప్పుడు అతడు కూతురి చేయి పట్టుకొని పరుగెత్తును; కొంతదూరము పోయిన తరువాత చూచుకొనినచో తాను పట్టుకొన్నది ఇంకొక పిల్ల చేయి. ఆ ఒక్క పొరపాటులో ఎంత భయమున్నది! తరువాత అతడు తుపాకిలో గుండు మిగిలియున్నదని లెక్కతప్పును. ఆ తప్పునకు ముసలితండ్రి ప్రాణము పోవును. మృగముతో పోరాడునది వీరులు కారు, లెక్కతప్పువారు. ఆ కుటుంబము అలసి దుకాణములో సేమ్యావంటి నూడుల్స్ తినుచుండగా, మృగపు పాలబడిన పిల్ల వారి నడుమ కూర్చుండి తినుచున్నట్లు కనబడును. ఒక్కొక్కరు ఒక్కొక్క ముద్ద ఆమె నోటికందింతురు. ఇట్టి సన్నివేశమును ఆలస్యమనువాడు భోజనమును కూడ ఆలస్యమనియే అనుకొనవలెను. కొరియాలో ఆ చిత్రమునకు 1 కోటి 30 లక్షల టికెట్లు అమ్ముడైనవి. జనము మనుష్యులను సహింపరను వాదము ఆ లెక్కముందు నిలువదు.

ఆత్మీయమైన పాత్ర యనిన కన్నీటి కుటుంబమే కావలెననుకొనుటయు పొరపాటే. 2016లో హిదెఆకి అన్నో, షింజి హిగుచి తీసిన 'షిన్ గాడ్జిల్లా'లో కుటుంబకథ లేదు, ప్రేమకథ లేదు. ఉన్నవి సభలు, ఉపసభలు, ఒక గదినుండి మరియొక గదికి మారు మంత్రులు, ఏ చట్టము క్రింద సైన్యమును కదుపవలెనను మీమాంస. 2011 మార్చి 11వ తేదీ భూకంపమును, సముద్రపు ఉప్పెనను, ఫుకుషిమా అణుకేంద్ర ప్రమాదమును చూచిన జపాను ప్రజలకు ఆ సభాగదులు పరిచయమైనవే. మృగముపై కాల్పులకు హెలికాప్టర్లు సిద్ధమైన క్షణమున, రైలుగేటు వద్ద ఒక వృద్ధుడు ఇంకొక వృద్ధురాలిని వీపున మోసికొని దాటుచుండుట కనబడును. ప్రధానమంత్రి కాల్పులను ఆపించును. ఆ ఇద్దరి పేర్లు ఎవరికిని తెలియవు. కాని రాజ్యము, మృగము, సైన్యము అన్నియు ఒక్క క్షణము వారి ముందు నిలిచిపోవును. వాస్తవికత యనగా ఇది: మనిషి తన పనిలో, తన నేలపై, తన బరువుతో కనబడుట.

ఇంకొక ఆక్షేపణ కలదు. 1954 తరువాత ఆ మృగమే క్రమముగా పిల్లలకు ఇష్టుడైనది, ఇతర మృగములతో కుస్తీలు పట్టినది. ఆ చిత్రములను లక్షలమంది దుఃఖము లేకుండగనే ఆనందించిరి గదా యందురు. ఆనందించిరి, అందు దోషము లేదు. వాస్తవికతకును శోకమునకును పర్యాయత్వము లేదు. హోండాయే తీసిన 1962 నాటి 'కింగ్ కాంగ్ – గాడ్జిల్లా' పోరాట చిత్రములో, తాను పోషించు టెలివిజన్ కార్యక్రమమును జనము చూచుటలేదని కుమిలిపోవు మందుల సంస్థ అధికారి ఒకడున్నాడు. ప్రకటన కొరకు మృగమునే తెప్పింపబూనును. అతడు ఆ కాలపు జపానులో ప్రతివీధిలోను ఎదురుపడు మనిషి. నవ్వించు చిత్రము కూడ నేలపై కాలుమోపియే నవ్వించినది. ఎవరి నేలమీదను కాలుమోపక, సున్నమువలె తెల్లని శూన్యములో మృగములు కొట్టుకొను దృశ్యములే చూచిన మరునాటికి మరపునబడుచున్నవి.

ఈ వాదము పాతకాలపుదని అనువారికి 2023 నవంబరు 3వ తేదీన జపానులో విడుదలయైన 'గాడ్జిల్లా మైనస్ వన్' సమాధానము. దర్శకుడు తకాషి యమజాకి. అందలి నాయకుడు షికిషిమా యుద్ధాంతమున ఆత్మాహుతి దాడికి పంపబడి, విమానము చెడినదని బొంకి దిగిన వైమానికుడు. బ్రదికి ఇంటికి వచ్చినవానిని పొరుగింటి సుమికో ఆదరింపదు; మీవంటివారు సరిగా పోరాడనందుననే నా బిడ్డలు కాలిపోయిరని తిట్టును. ఆ సుమికోయే తరువాత, వారు తెచ్చిపెట్టుకొన్న అనాథ శిశువు కొరకు తన దాపరికపు తెల్లబియ్యమును తెచ్చియిచ్చును. కరవుకాలములో ఆ పిడికెడు బియ్యమునకు ఎంత విలువయో ఎరిగినవారికి ఆ చిత్రము అక్కడనే లోబరచుకొనును. షికిషిమాకు దొరకిన కొలువు సముద్రములోని అయస్కాంతపు మందుపాతరలను ఏరుట. వానికి చిక్కకుండ వారి పడవ కొయ్యపడవ. ఇట్టి వివరములు పోగైన తరువాత మృగము గింజాలో అడుగిడినప్పుడు, కూలుచున్నది నగరము కాదు, ఇప్పుడిప్పుడే కట్టుకొన్న కాపురము.

ఆ చిత్రములో మాజీ నౌకాదళపు నిపుణుడు నోడా ఒక మాట చెప్పును: ఈ దేశము ప్రాణములను మిక్కిలి చులకన చేసినదని, వైమానికుడు బ్రదికి బయటపడు ఆసనమునైనను విమానములలో పెట్టలేదని. చివరకు కథ అంతయు అట్టి ఒక ఆసనము చుట్టు తిరుగును. ఎంతో మహత్తరమైన మృగమును ఎదిరించిన ఘట్టమున ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి చూచునది మృగమును కాదు. ఒక మనిషి బ్రదుకుటకు ఒప్పుకొనునా, లేదా యని. ఈ చిత్రపు మాయాదృశ్యములను చేసినవారు 35 మంది, దృశ్యములు 610. 2024 మార్చిలో దానికి దృశ్యచమత్కారమునకిచ్చు ఆస్కార్ బహుమతి వచ్చెను. ఎన్నో రెట్లు ధనము, వేలకొలది పనివారు గల చిత్రములు పోటీలో నుండగా ఈ చిన్న బృందమునకు ఆ గౌరవము దక్కుటలో ఒక పాఠమున్నది. ఎక్కడ చూపవలెనో తెలిసినవానికి ఎంత చూపవలెనో తెలియును.

ఇదంతయు వినోదమును గూర్చిన వివాదమే కదా, ఇంత పట్టుదల ఎందుకని అడుగవచ్చును. వినోదము చిన్న విషయము కాదు. మనిషి దేనిని చూచి ఆనందించుటకు అలవాటుపడునో, దానిని చూచి చలింపకుండుటకు కూడ అలవాటుపడును. నేడు నగరములు కూలు దృశ్యములు చిత్రశాలలోనే కాదు, అరచేతిలోని తెరపై కూడ కనబడుచున్నవి. అవి తరచుగా పైనుండి, దూరమునుండి తీసినవి. ధూళి లేచును, గోడ ఒరుగును, మనుష్యులు కనబడరు. మేడ క్రింద ఎవరున్నారని అడుగని చూపును పెంచునట్టి వినోదము నిర్దోషము కాదు. 1954లో హోండా, అతని బృందము చేసిన పని దానికి సరిగ్గా విరుద్ధమైనది. వారు కల్పిత మృగమును సృష్టించి, దాని అడుగుల క్రిందనున్నవారివైపు చూపును త్రిప్పిరి. హోండా చాలకాలము సైనికుడుగా చైనాలో గడిపి, 1946లో తిరిగివచ్చుచు హిరోషిమా మీదుగా పోయినవాడు. శిథిలము దృశ్యము కాదని అతనికి ఒకరు చెప్పవలసిన పనిలేదు.

కనుక మృగముల నభిమానించువారు మనుష్యులను శత్రువులుగా ఎంచవలదు; మనుష్యుల నభిమానించువారు మృగములను చూచి ముక్కు విరువవలదు. తూర్పుసముద్రమునుండి లేచిన ఆ నల్లని ఆకారము ఎంత పెద్దదని పిల్లవాడొకడు అడిగినచో, 50 మీటర్లని చెప్పుట చాలదు. ఒక ద్వీపపు రైతు తన ఆవులను లెక్కపెట్టుకొనవలసి వచ్చినంత పెద్దది. వీధిలో ఒక తల్లికి బిడ్డలతో ఇక చెప్పవలసిన మాట ఒక్కటియే మిగిలినంత పెద్దది. ఆ కొలత లేని చిత్రములో మృగము ఎంత పెరిగినను, తెర ఆరిపోయిన మరుక్షణమున అది మరల తొడుగే యగును.